ట్రాపింగ్ కోర్సుకి ఎంతవుతుంది, ఎవరికి అందుతుంది? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో కెనడా ఉత్తరాన బొచ్చు జంతువులను పట్టే పని గురించి రెండు పేరాలు రాశాం. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. ఎక్కువ మంది అడిగింది కోర్సు గురించే: ఎంతవుతుంది, ఎక్కడ చెప్తారు, తప్పనిసరా అని. ఇద్దరు ముగ్గురు గట్టిగా తిట్టారు కూడా. వాళ్లకీ జవాబు ఇస్తున్నాం.

ప్రశ్న: నమస్తే అండి. మేం ఒంటారియోలో టిమ్మిన్స్‌లో ఉంటాం, ఉత్తరాది ఊళ్లకి వలసదారుల్ని రప్పించే ఇమిగ్రేషన్ పథకంలో వచ్చి పీఆర్ (శాశ్వత నివాస హోదా) తెచ్చుకున్నాం. మా పక్కింటాయనకి ట్రాప్‌లైన్ (ట్రాపులు పెట్టుకోవడానికి ఒకరి పేరు మీద రాసిచ్చిన అడవి ప్రాంతం) ఉంది, చలికాలం ఆయన వెంట వెళ్లి బీవర్ (వాగులకి అడ్డుకట్టలు కట్టే జంతువు), మార్టెన్ (ముంగిసలాంటి బొచ్చు జంతువు) పట్టడం నేర్చుకోవాలని నాకు బాగా ఉంది. కోర్సు చేయకుండా కుదరదంటున్నారు. ఫీజు కొన్ని వందల డాలర్లు, మా ఊళ్లో ఇప్పట్లో క్లాస్ లేదు, ఉన్నదేమో మూడు గంటల దూరంలో రెండు వారాంతాలు. ఇంట్లో చిన్న పిల్లలు. ఆయన దగ్గరే నేర్చుకుంటే సరిపోదా? – టిమ్మిన్స్ పాఠకుడు

జవాబు: సరిపోదండి. ఆయన వెంట నడిచి చూడటం వేరు, మీ చేత్తో ట్రాప్ పెట్టడం వేరు. పెట్టాలంటే హెల్పర్‌గా అయినా సరే మీ పేరు మీద లైసెన్స్ ఉండాలి, కొత్తవాళ్లకి ఆ లైసెన్స్ రావాలంటే ఫర్ హార్వెస్ట్, ఫర్ మేనేజ్‌మెంట్ అండ్ కన్జర్వేషన్ కోర్సు పాసవ్వాలి. సూ సెంట్ మరీలో ఆఫీసున్న ఒంటారియో ఫర్ మేనేజర్స్ ఫెడరేషన్ ఆధ్వర్యంలో ఆ కోర్సు నడుస్తుంది. సుమారు 40 గంటలు. చట్టం, జంతువుల జీవన విధానం, ఏ జంతువుకి ఏ ట్రాప్, ఎక్కడ ఎలా పెట్టాలి, తోలు ఎలా ఒలవాలి, కొవ్వు గీకి పలక మీద సాగదీసి ఎలా ఆరబెట్టాలి, మంచులో ప్రాణం ఎలా కాపాడుకోవాలి, ఇవన్నీ అందులోనే. చివర్లో పరీక్ష.

ఫీజు ఒక్కో చోట ఒక్కోలా ఎందుకుంటుందంటే, చెప్పేవాళ్లు ఎక్కడికక్కడ స్థానికంగా ఉండే ట్రాపర్లే. హాలు అద్దె, పుస్తకం, ప్రాక్టికల్‌కి కావలసిన జంతువుల కళేబరాలు, వాళ్ల సమయం, అన్నీ క్లాసుకి వచ్చే పది పన్నెండు మంది మీదే పడతాయి. అలా చూస్తే ఫీజు అన్యాయం కాదు. అసలు భారం దాని చుట్టూ ఉన్న ఖర్చు. మూడు గంటల దూరానికి పెట్రోలు, రెండు వారాంతాలు మోటెల్, శుక్రవారం సెలవు, పిల్లల్ని చూసుకోవడానికి ఇంట్లో ఒకరు ఆగిపోవడం. ఇవన్నీ కలిపి చూసుకోండి, ఫీజుని దాటిపోతుంది. ఏ వెబ్‌సైట్‌లోనూ ఆ లెక్క కనపడదు, అందుకే కొత్తవాళ్లు ఫీజు చూసి సరే అనుకుని తర్వాత టెన్షన్ పడతారు.

నేను చెప్పేది ఏంటంటే, మీరు క్లాస్ దగ్గరికి వెళ్లే ముందు క్లాస్‌ని మీ ఊరికి రప్పించే ప్రయత్నం చేయండి. ఫెడరేషన్‌కి ఫోన్ చేసి మీ ప్రాంతంలో ఇన్‌స్ట్రక్టర్లు ఎవరో అడగండి, వాళ్లతో నేరుగా మాట్లాడి ఎంతమంది ఉంటే వస్తారో కనుక్కోండి. టిమ్మిన్స్ లాంటి ఊళ్లో ఈ పని నేర్చుకోవాలనుకునే ఇంకో ఆరేడుగురు దొరకడం కష్టం కాదు, మీ పక్కింటాయన స్థానిక ట్రాపర్ల కౌన్సిల్‌లో ఒక మాట వేస్తే చాలు. క్లాసులు ఎక్కువగా సీజన్‌కి ముందు పెడతారు కాబట్టి ఈ ఫోన్లు వేసవిలోనే అయిపోవాలి. అక్టోబర్‌లో మొదలుపెడితే ఆ ఏడాది పోయినట్టే.

కోర్సు అయ్యేదాకా ఒక్క ట్రాప్ కూడా కొనకండి. బీవర్‌కి వాడే 330 సైజు ట్రాపులు, స్ట్రెచింగ్ బోర్డులు, కత్తులు, వేడర్లు (నీళ్లలో దిగడానికి వేసుకునే రబ్బరు దుస్తులు)... లిస్ట్ రాసుకుంటూ పోతే కోర్సు ఫీజు చిన్నదైపోతుంది. కొన్న ట్రాప్ మీ ప్రావిన్స్‌లో ఆ జంతువుకి అనుమతి ఉన్న మోడల్ కాకపోతే దాన్ని గోడకి తగిలించుకోవాల్సిందే. మొదటి సీజన్ పక్కింటాయన సామానుతోనే నడిపించండి. తుపాకీ పట్టుకోవాలనుకుంటే దానికి ఫైర్ఆర్మ్స్ సేఫ్టీ కోర్సు వేరు, పాల్ అనే తుపాకీ లైసెన్స్ వేరు, ఆ రెండు ఫీజులూ దీనికి అదనం.

ఇంకొక్క మాట. ప్రభుత్వ భూముల్లో ట్రాప్‌లైన్లు రిజిస్టర్ అయి ఉంటాయి, ఒకరి పేరు మీద ఉన్నదాంట్లో ఇంకొకరు సొంతంగా ట్రాప్ పెట్టడానికి లేదు, ఖాళీలు ఊరికే దొరకవు. కోర్సు పాసై సర్టిఫికెట్ ఇంట్లో పెట్టుకుని ఎక్కడ పట్టాలో తెలియక కూర్చున్నవాళ్లు ఉన్నారు. ట్రాప్‌లైన్ ఉన్న మనిషి మీ గోడ పక్కనే ఉన్నాడు, రమ్మంటున్నాడు. డబ్బు పెట్టినా దొరకనిది అది. కోర్సు చేసేయండి.

ప్రశ్న: యూట్యూబ్‌లో అన్నీ ఉన్నాయి కదా, డ్రైవింగ్ రూల్స్‌కే ఆన్‌లైన్ టెస్ట్ పెడుతున్న రోజుల్లో దీనికి మనిషి వెళ్లి కూర్చోవాలా? పూర్తిగా ఆన్‌లైన్ చేస్తే ఖర్చు సగం తగ్గదా? – బ్రాంప్టన్ నుంచి

జవాబు: తగ్గుతుంది. కానీ దేన్ని తగ్గిస్తున్నామో చూడాలి. చట్టం, సీజన్లు, జంతువుల గుర్తులు, ఇవి ఆన్‌లైన్‌లో చదవచ్చు, చదవాలి కూడా. అమెరికాలో వన్యప్రాణి శాఖల సంఘం ట్రాపర్ కోర్సు ఒకటి ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది, క్లాసుకి వెళ్లే ముందు అది చూసుకుంటే సగం మాటలు ముందే అర్థమవుతాయి. ఒంటారియో క్లాసుకి మాత్రం అది బదులు కాదు.

330 ట్రాప్ స్ప్రింగులు చేతిలో పట్టుకుని చూసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. అది మణికట్టు మీద మూసుకుంటే ఒంటి చేత్తో విడిపించుకోవడం దాదాపు అసాధ్యం, అందులోనూ మీరు మంచు మీద ఒక్కరే ఉంటే. అందుకే జేబులో తాడు పెట్టుకోవడం, దాన్ని స్ప్రింగ్ రింగుల్లోంచి దూర్చి రెండో కొస పాదానికి వేసుకుని కాలితో తన్ని స్ప్రింగ్ నొక్కడం, సేఫ్టీ క్లిప్ ఎప్పుడు పెట్టాలి ఎప్పుడు తీయాలి, ఇవన్నీ ఎవరైనా పక్కన నిలబడి చేయించాలి. వీడియో చూస్తే మీకు తెలుస్తుంది, చేతికి తెలియదు. తోలు ఒలవడం కూడా అంతే. కత్తి ఒక్క చోట జారితే ఆ తోలు ధర పడిపోతుంది, జంతువు ప్రాణం వృథాగా పోతుంది.

కాబట్టి నా అభిప్రాయం: చదివే భాగం ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టి, చేత్తో చేసే భాగం రెండు రోజులకి కుదించి దాన్ని మారుమూలలకి తీసుకెళ్లాలి. అప్పుడు మోటెల్ ఖర్చు తగ్గుతుంది, నేర్పడం తగ్గదు. గంటలు కోసేసి ఫీజు తగ్గించామని చెప్పుకోవడానికి మాత్రం నేను ఒప్పుకోను.

ప్రశ్న: నేను న్యూయార్క్ రాష్ట్రంలో ఆల్బనీ దగ్గర ఉంటాను. ఇక్కడ ట్రాపర్ కోర్సుకి పైసా తీసుకోలేదు, వాలంటీర్లు చెప్పారు. మా కజిన్ కెనడాలో వందలు కట్టాడట. ఒకే సరస్సుల ఇటు పక్క అటు పక్క ఇంత తేడా ఏంటి?

జవాబు: మంచి ప్రశ్న. తేడా డబ్బు ఎక్కడినుంచి వస్తుందన్న దాంట్లో ఉంది. అమెరికాలో 1937లో పిట్‌మన్–రాబర్ట్‌సన్ అనే చట్టం వచ్చింది. తుపాకులు, తూటాల మీద ఎక్సైజ్ పన్ను వేసి ఆ డబ్బు రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకి పంచుతారు. 1970 నుంచి అందులో కొంత వేట శిక్షణకి కూడా వాడుకునే వీలు కల్పించారు. దానికి తోడు స్వచ్ఛందంగా చెప్పే ఇన్‌స్ట్రక్టర్లు. న్యూయార్క్‌లో మీలాంటివాళ్లకి ఉచితం, విస్కాన్సిన్‌లో నామమాత్రపు ఫీజు. మినసోటాలో 1989 డిసెంబర్ 31 తర్వాత పుట్టి ఇంతకుముందు ట్రాపింగ్ లైసెన్స్ లేనివాళ్లకే కోర్సు తప్పనిసరి. రాష్ట్రానికో తీరు.

కెనడాలో అలాంటి పన్ను లేదు. ప్రావిన్స్ ప్రభుత్వం కోర్సు తప్పనిసరి చేసింది, నడిపే బాధ్యత ట్రాపర్ల సంఘాలకి అప్పగించింది, సంఘాల దగ్గరేమో డబ్బుల్లేవు. దాంతో ఖర్చంతా నేర్చుకునేవాడి మీద పడింది. బ్రిటిష్ కొలంబియాలో మూడు రోజుల కోర్సు, క్యూబెక్‌లో ఎక్కువగా ఫ్రెంచ్‌లో నడిచే కోర్సు, అల్బర్టాలో ట్రాపర్ల అసోసియేషన్ కోర్సు, అన్ని చోట్లా దాదాపు ఇదే పద్ధతి. చట్టం పెట్టి తప్పనిసరి చేసినప్పుడు ఆ చదువు అందేలా చూడాల్సిన పూచీ కూడా ప్రభుత్వానిదే అని నేను గట్టిగా నమ్ముతాను. ఈ విషయంలో న్యూయార్క్ దారి సరైనది. కాకపోతే అక్కడి కోర్సు చాలా పొట్టిది, అది చూసి నలభై గంటల కోర్సుకి అంత డబ్బెందుకు అని అడగడం మాత్రం సబబు కాదు. మీ కజిన్ చేతికి ఎక్కువ పని తగిలి ఉంటుంది.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి రాస్తున్నాను. వచ్చే ఏడాది సడ్‌బరీ కాలేజీకి స్టూడెంట్ వీసా మీద వెళ్తున్నాను. చలికాలంలో ట్రాపింగ్ చేస్తే ఫీజులకి డబ్బులొస్తాయని ఒక వీడియోలో చూశాను. కోర్సు ఫీజు కట్టేయనా?

జవాబు: వద్దమ్మా. లైసెన్స్ అక్కడి నివాసులకిచ్చేది, మీ పర్మిట్ మీద వస్తుందో లేదో ప్రావిన్స్ శాఖని రాతపూర్వకంగా అడగకుండా ఎవరికీ డబ్బు కట్టొద్దు. వచ్చినా దాని మీద కాలేజీ ఫీజులు కట్టే రోజులు కావివి. తోళ్ల ధరలు 2013 తర్వాత పడిపోయి కోలుకోలేదు. నార్త్ అమెరికన్ ఫర్ ఆక్షన్స్ అనే పెద్ద వేలం సంస్థ 2019లో అప్పులవాళ్ల నుంచి కోర్టు రక్షణ కోరింది, తోళ్లు పంపిన ట్రాపర్లు ఎందరో ఇరుక్కుపోయారు. ఇప్పుడు ఒంటారియోలో నార్త్ బేలో ట్రాపర్లదే అయిన ఫర్ హార్వెస్టర్స్ ఆక్షన్ ఉంది, చాలామంది అక్కడికే పంపుతారు. కొయోటీ (తోడేలు జాతి జంతువు) బొచ్చుకి పెద్ద గిరాకీ తెచ్చిన కెనడా గూస్ కోట్ల కంపెనీ బొచ్చు కొనడం మానేస్తున్నట్టు 2021లో ప్రకటించింది. సీజన్ అంతా కష్టపడి పెట్రోలు డబ్బులు వెనక్కి తెచ్చుకున్నా బాగానే చేసినట్టు అనుకునేవాళ్లే ఎక్కువ.

కాస్త నికరంగా డబ్బు వచ్చే పని ఒకటుంది. రోడ్ల కింద తూముల్ని బీవర్లు మూసేస్తే నీళ్లు రోడ్డెక్కుతాయి, అప్పుడు టౌన్‌షిప్‌లు, రోడ్ల శాఖలు ట్రాపర్లని పిలిచి డబ్బిస్తాయి. అయితే అది ఆ ఊళ్లో ఏళ్ల తరబడి తెలిసినవాళ్లకి దక్కే పని. మీరు చదువుకోండి. ఆసక్తి నిజంగా ఉంటే స్థిరపడ్డాక చూసుకోవచ్చు.

ప్రశ్న: నేను నర్సుని. థండర్ బే నుంచి విమానంలో మాత్రమే వెళ్లగలిగే ఫస్ట్ నేషన్ (కెనడా ఆదివాసుల) ఊళ్లలో డ్యూటీ చేస్తాను. అక్కడి కుర్రాళ్లకి తాతల భూమి ఉంది, నేర్చుకోవాలని ఉంది, కానీ కోర్సు అంటే విమానం టికెట్, ఊళ్లో బస, అన్నీ కావాలి. వాళ్ల భూమి మీద వాళ్ల పనికి వాళ్లు ఇంత ఖర్చు పెట్టాలా అనిపిస్తుంది. మీరేమంటారు?

జవాబు: ఈసారి వచ్చినవాటిలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన ఉత్తరం మీది.

ముందు హక్కు సంగతి. ఆ ప్రజల వేట హక్కులు ఫీజు కట్టి కొనుక్కున్నవి కావు, ఒప్పందాల నుంచి, వాళ్ల పూర్వపు బతుకు నుంచి వచ్చినవి. కెనడా 1982 రాజ్యాంగ చట్టం 35వ సెక్షన్ వాటిని గుర్తించింది. అయితే హక్కు ఉండటం, పని వచ్చి ఉండటం ఒకటి కాదు. నెల్లూరు వైపు యానాదులు పొలాల్లో ఎలుకల కలుగు చూసి పట్టే పద్ధతిని ఏ క్లాసులోనూ నేర్చుకోలేదు, పెద్దల వెనక తిరిగి నేర్చుకున్నారు. కెనడా ఉత్తరాన కూడా అంతే జరిగేది. ఆదివాసీ పిల్లల్ని ఇళ్ల నుంచి వేరు చేసి రెసిడెన్షియల్ స్కూళ్లకి తీసుకెళ్లిపోయాక అది తెగిపోయింది. ట్రాపింగ్ నేర్చుకోవాల్సిన చలికాలం నెలలన్నీ పిల్లలు ఆ బడుల్లో ఉన్నారు. కేంద్రం నిధులతో నడిచిన ఆ బడుల్లో చివరివి 1990ల్లో గానీ మూతపడలేదు. ఒక తరం నేర్చుకోలేకపోతే తర్వాతి తరానికి నేర్పేవాళ్లు తగ్గుతారు. ఇవాళ ఆ కుర్రాళ్లకి విమానం ఎక్కి కోర్సుకి వెళ్లాల్సి రావడం వెనక ఉన్నది అది. వాళ్ల అనాసక్తి కాదు.

దీనికి దారి ఉంది, కొన్ని చోట్ల నడుస్తోంది కూడా. నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌లో ప్రభుత్వమే టేక్ ఎ కిడ్ ట్రాపింగ్ అనే కార్యక్రమానికి డబ్బిస్తుంది, బడి పిల్లల్ని స్థానిక ట్రాపర్లు, పెద్దలు అడవికి తీసుకెళ్లి నేర్పుతారు. పిల్ల క్లాసు దగ్గరికి వెళ్లక్కర్లేదు, క్లాసే పిల్ల దగ్గరికి వస్తుంది. అదే టెరిటరీలో మెకంజీ లోయ తోళ్ల పథకం కింద ట్రాపర్‌కి తోలు అమ్ముడు కాకముందే అడ్వాన్స్ అందుతుంది. క్యూబెక్ ఉత్తరాన క్రీ అనే ఆదివాసీ ప్రజలకి 1975 జేమ్స్ బే ఒప్పందం వచ్చాక క్రీ ట్రాపర్ల సంఘం ఏర్పడింది, అడవి మీద బతికే కుటుంబాలకి ఆదాయ భద్రత పథకం వచ్చింది. కుటుంబం మొత్తం నెలల తరబడి అడవిలో ఉండగలిగితే పిల్లలు అక్కడే నేర్చుకుంటారు, విడిగా కోర్సు ఖర్చన్నదే రాదు.

మీరు చేయగలిగింది కూడా ఉంది. బ్యాండ్ కౌన్సిల్ (ఆ ఊరి పాలక మండలి) వాళ్లని, ఊళ్లో ఇంకా ట్రాప్‌లైన్ తిరిగే పెద్దల్ని ఒకచోట కూర్చోబెట్టి, ఇన్‌స్ట్రక్టర్‌ని ఊరికే రప్పించాలని ఫెడరేషన్‌కి ఉత్తరం రాయించండి. పన్నెండు మంది కుర్రాళ్లని విమానంలో పంపడం కన్నా ఒక్క మనిషిని విమానంలో తెప్పించడం ఎంతో చవక. ఇంకా మంచిది, ఆ ఊరి పెద్దల్లోంచే ఇద్దరికి ఇన్‌స్ట్రక్టర్ అర్హత ఇప్పించడం. అప్పుడు ఏటా ఎవరినీ బతిమాలుకోనక్కర్లేదు, చెప్పేదీ వాళ్ల భాషలోనే చెప్తారు. బయటివాళ్లం మనం ముందు నిలబడి చేసేది కాదు ఇది, ఉత్తరం టైప్ చేయడం దగ్గర, ఫోన్లు చేయడం దగ్గర సాయం ఉండగలం.

ప్రశ్న: నోరులేని జీవాల్ని ఉచ్చులో పట్టి తోలు ఒలిచే పనికి మీ పత్రికలో సలహాలా? సిగ్గుచేటు. కోర్సు అందుబాటులో లేకపోతే మంచిదే కదా, ఆ పని చేసేవాళ్లు తగ్గుతారు. – విశాఖపట్నం పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ బాధ నాకు అర్థమవుతుంది. ఆ పని అసలు ఉండకూడదని మీరనుకుంటే దానికి ప్రజాస్వామ్యంలో దారి ఉంది. కాలిఫోర్నియా 2019లో బొచ్చు కోసం ట్రాపింగ్‌ని పూర్తిగా నిషేధించింది. 1996లో కొలరాడో, మసాచుసెట్స్ ఓటర్లు చాలా రకాల ట్రాపులని ఓటేసి ఆపేశారు. అది నిజాయితీ గల దారి.

కోర్సుని అందకుండా చేస్తే జంతువుకి మేలు జరుగుతుందన్న మాట దగ్గరే మీతో కలవలేను. 1997లో కెనడా, యూరోపియన్ యూనియన్, రష్యా కలిసి మానవీయ ట్రాపింగ్ ప్రమాణాల ఒప్పందం చేసుకున్నాయి. దాని ప్రకారం చంపే ట్రాపులో జంతువు ఎంతసేపట్లో స్పృహ కోల్పోవాలో సెకన్లలో లెక్క ఉంది: ఎర్మిన్ అనే చిన్న బొచ్చు జంతువుకి 45, మార్టెన్‌కి 120, ఒప్పందంలోని మిగతా జంతువులకి 300. పరీక్షించిన వాటిలో కనీసం 80 శాతం జంతువులకి ఆ లెక్క నిలబడితేనే ట్రాపుకి సర్టిఫికెట్. ఆ అయిదు నిమిషాలు కూడా ఎక్కువే అని మీరంటే నేను కాదనను. కానీ ఆ ప్రమాణం కూడా ట్రాపుని సరైన చోట, సరైన ఎత్తులో, సరైన జంతువుకి పెట్టినప్పుడే నిలబడుతుంది. తప్పుగా పెట్టిన మంచి ట్రాపు జంతువుని పక్కకి పట్టుకుంటుంది, గంటల తరబడి హింస పెడుతుంది, లేదా ఎవరిదో కుక్కని పడుతుంది. ఆ తేడా ఇనుములో లేదు, పెట్టినవాడి చదువులో ఉంది. కోర్సు అందనివాళ్లలో కొందరు పని మానేస్తారు నిజమే, మరికొందరు లైసెన్స్ లేకుండా, నేర్చుకోకుండా దొంగచాటుగా పెడతారు. ఆ ఖర్చు జంతువు కడుతుంది. అందుకే జీవాల మీద జాలి ఉన్నవాళ్లే ముందుగా ఈ కోర్సు ఉచితం చేయమని అడగాలని నా కోరిక.

ప్రశ్న: మాది ఆదిలాబాద్ దగ్గర పల్లె. అడవి పందులు పంటని బతకనివ్వడం లేదు. ఇలాంటి ట్రాపింగ్ కోర్సు ఇక్కడ ఎక్కడైనా ఉందా?

జవాబు: లేదండి, ఉండదు కూడా. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఉచ్చు వేయడం, బోను పెట్టడం కూడా వేట కిందికే వస్తాయి, జైలు శిక్ష ఉంటుంది. దయచేసి తీగల జోలికి, కరెంటు జోలికి పోకండి. కవ్వాల్ వైపు పందికని పెట్టిన ఉచ్చుల్లో పులులు చచ్చిపోయాయి, కరెంటు తీగలకి మన రైతులే చనిపోయారు. పంట నష్టం జరిగిన వెంటనే ఫొటోలు తీసి అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌కి, వ్యవసాయ విస్తరణాధికారికి దరఖాస్తు ఇవ్వండి, అందినట్టు రసీదు తీసుకోండి. పందుల్ని తగ్గించాల్సి వస్తే అనుమతి ఉన్న షూటర్లే ఆ పని చేయాలి, ఆ అనుమతి కోసం పంచాయతీని, అటవీ శాఖని అడగాలి. ఊరందరూ కలిసి ఒకే దరఖాస్తు పెడితే ఒక్కరు తిరిగేదానికన్నా త్వరగా కదులుతుంది.